చెవిటి కొండ గంట

కుక్క నోట్లో గంట ఉంది గాని అది మోగడం లేదు.

ఆ కుక్క పేరు బీర్బా. అడవిలో నేల వాసన పట్టి, మట్టి లోపల దాక్కున్న ఖరీదైన పుట్టగొడుగుల్ని తవ్వి తీయడం దాని పని. దాన్ని పెంచుకుంటున్న జాకొమో డెబ్బై దాటిన ద్రాక్షతోట రైతు. అక్టోబరు నెలాఖరులో ఒక మధ్యాహ్నం ఇద్దరూ పొగమంచులోంచి ఊడిపడ్డట్టు వచ్చి క్రైస్తవ గుడి పక్కన గురువుగారి ఇంటి ముందు నిలబడ్డారు. కుక్క కాళ్లు తడబడుతున్నాయి.

"లోయ అడవిలో ఒక బొరియలో దూరింది, దోన్ ఇన్నా. ఎంత పిలిచినా రాదే. వచ్చేసరికి ఇదిగో, ఇలా తూలుతోంది. దారిలో కక్కుకుంది కూడా. లోపల ఎవడి పాత పీపా దొరికిందో ఏమో, నాకు చుక్క మిగల్చకుండా తాగొచ్చినట్టుంది" అన్నాడు జాకొమో.

గురువుగారు నవ్వారు. జాకొమో కూడా నవ్వాడు. కుక్క ఎందుకు తూలుతోందో ఆ ఇద్దరిలో ఏ ఒక్కరైనా ఆలోచించి ఉంటే మర్నాడు ప్రాణాల మీదికి వచ్చేది కాదు.

ఆ ఊరి పేరు మోంతెసోర్దో, అంటే చెవిటి కొండ. ఇటలీకి ఉత్తరాన ద్రాక్షతోటల నడుమ ఉంటుంది. కొండంతా మెత్తటి తెల్లరాయి. ఆ రాయి చప్పుడును మింగేస్తుంది, లోపల ఎంత అరిచినా బయటికి వినబడదు. ప్రతి ఇంటి కిందా రాతిని తొలిచి చేసిన నేలమాళిగ ఉంటుంది, అందులో ద్రాక్షసారా నిలవ చేస్తారు. ఏ సైన్యం వచ్చినా ముందు పీపాల్ని దాచి తర్వాత పిల్లల్ని దాచారని ఊరివాళ్లే తమ మీద తాము నవ్వుకుంటారు. ఆదివారాలు కార్లలో వచ్చే జనం పాత బురుజు ఎక్కి, రెండు మాళిగలు చూసి, రెండు గ్లాసులు తాగి, ఊరంతా చూసేశామనుకుని వెళ్లిపోతారు. కరెంటు బల్బులుండగా ముసలివాళ్లు మోకాలి ఎత్తున కొవ్వొత్తి పట్టుకుని మాళిగలోకి దిగడం చూసి వాళ్లు నవ్వుతారు. అది నవ్వాల్సిన సంగతి కాదు. ద్రాక్షరసం పొంగే రోజుల్లో దానిలోంచి ఒక చెడ్డ గాలి పుట్టి నేల మీద నీళ్లలా నిలుస్తుంది. దానికి రంగు లేదు. కొవ్వొత్తి ఆరిపోతే మనిషి వెనక్కి తిరగాలి, తిరగకపోతే అతని ఊపిరీ అలాగే ఆరిపోతుంది.

ఇన్నయ్య గురువుగారు ఆ ఊరికి వచ్చిన కొత్తలో ఈ పద్ధతి చూసి ఆశ్చర్యపోలేదు. ఆయనది పల్నాడులో రెంటచింతల దగ్గరి పల్లె. అక్కడ నేలలో లోతుగా గొయ్యి తవ్వి జొన్నలు పాతరేసేవాళ్లు. పాతర మూత తీశాక ముందు దీపం దించి, అది వెలిగితేనే మనిషి దిగేవాడు. ఒకప్పుడు ఆ దేశపు గురువులు మన ఎండల్లో మాడి సువార్త చెప్పారు, ఇప్పుడు పల్నాడు గురువు ఆ దేశపు చలికి వణుకుతూ పూజ చెబుతున్నాడు. అక్కడ గురువుల్ని దోన్ అంటారు. ఇన్నయ్య అనడం నోరు తిరగక ఊరంతా ఆయన్ని దోన్ ఇన్నా చేసేశారు.

ఆయన మేనకోడలు సునీల దగ్గరి పట్నంలో చదువుతోంది. పాత రాతి కట్టడాల్ని కూలకుండా నిలబెట్టడం ఆమె చదువు. సెలవులకు మామయ్య దగ్గరికి వచ్చింది. కుక్క నోట్లోంచి గంట తీసుకున్నది ఆమే. పూజలో మోగించే చిన్న చేతిగంట అది, వెండిది, నల్లబడిపోయింది. దాని కడుపులో ఏదో అల్లిన గుడ్డ కుక్కి ఉంది. కాస్త లాగి చూస్తే చిన్నపిల్ల మేజోడు మడమ కనిపించింది.

గురువుగారి ముఖంలో నవ్వు పోయింది. "తీయమాక అమ్మాయ్. ముందు తెరెజీనమ్మకు చూపిద్దాం" అన్నాడు.

తెరెజీనా ఆ ఊళ్లో అందరికన్నా పెద్దది. ఆమెకు ఇల్లుంది, తోట ఉంది, పేరు మాత్రం లేదు. ఊళ్లో ఆమెను దొంగ కూతురనే అంటారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే ముందు అక్టోబరులో జర్మన్ సైనికులు గుడి వెండి పట్టుకుపోవడానికి వస్తున్నారని తెలిసింది. ఆ మునిమాపు వేళ వెండితో సహా మాయమైనవాడు ఆమె తండ్రి బత్తిస్తా. అతను తాపీమేస్త్రీ, గుడి గంటలు కొట్టేవాడు కూడా. మూట వీపున వేసుకుని ఏరు దాటుతుండగా చూశానని ఒకతను ఒట్టేసి చెప్పాడు. ఆ ఒట్టేసింది జాకొమో తండ్రి.

కిటికీ పక్కన మంచంలో పడుకున్న తెరెజీనా గంటను రెండు చేతులా పట్టుకుంది. బొటనవేలితో మేజోడు మడమ తడిమింది.

"ఈ మేజోడు నాదే" అంది చివరికి. "దారిలో మోగకుండా నాన్న నా కాలి నుంచి ఊడదీసి గంటలో కుక్కాడు. నన్ను బొరియ బయట కూర్చోబెట్టాడు. సామాను భద్రం చేసి బొరియ నోటి దాకా వచ్చి గంట మోగిస్తాను, అది వినగానే నువ్వు ఇంటికి వెళ్లిపో, నేను వేరే దారిన వస్తాను అన్నాడు. దీపం కూడా పట్టుకెళ్లలేదు. అడవి నిండా సైనికులు. నేను తెల్లారేదాకా కూర్చున్నాను, గంట మోగలేదు. వాళ్లు చూసి నన్ను ఇంటికి తరిమారు. తర్వాత వానలకు మట్టి జారి ఆ చోటు నాకు మళ్లీ దొరకలేదు."

"ఎవరికీ చెప్పలేదా?" అని అడిగాడు గురువు.

"చెప్పనిది ఎవరికి? దొంగ కూతురు మరేం చెబుతుంది అన్నారు."

ఆ ఊళ్లో సమాధుల పండుగనాడు ఒక ఆచారం ఉంది. ఊరి కోసం చనిపోయిన వాళ్ల పేర్లు గుడిలో చదువుతారు. ఒక్కో పేరుకు ఆ ఇంటివాళ్లు లేచి "ఉన్నాడు" అని పలకాలి. ఏటా ఆ చదువు మొదలయ్యే ముందు తెరెజీనా గుడి బయటికి నడిచి వెళ్లేది. ఈసారి నడిచి వెళ్లడానికి కాళ్లలో సత్తువ లేదు. క్రిస్మసు దాకా కష్టమని డాక్టరు చెప్పేశాడు. పండుగ ఎల్లుండే.

బయటికి వచ్చాక జాకొమో టోపీ నలుపుతూ అన్నాడు. "గంట అతని చేతిలో ఉందంటే దొంగతనం ఇంకా రుజువైనట్టే కదా. ఇది పారేసుకుని మిగతాది పట్టుకుపోయాడు. మా నాన్న కళ్లారా చూశాడు."

"అయితే లోపల ఏమీ ఉండదు. చూసొద్దాం" అన్నాడు గురువు.

ఆ రాత్రి అన్నాల దగ్గర సునీల గొడవపడింది. "నేను పోయి ఆ మట్టి చూసొచ్చా మామయ్యా. పెళ్లలు పెళ్లలుగా ఊడుతుంది. రేపు సాయంత్రం నుంచి పెద్ద వానంట. పోతే పొద్దున్నే పోవాల. అయినా నువ్వు రావాల్సిన పనేముంది? నీ మోకాళ్ల సంగతి నాకు తెలవదా?"

"లోపల మనిషుంటే ప్రార్థన ఎవరు చెప్తారే?" అన్నాడు ఇన్నయ్య. ఆమె లేచి తాడు వెతికింది.

మర్నాడు పొద్దున పూజ కాగానే బయలుదేరారు. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు నడిచే మనిషి వీపు తప్ప ఏమీ కనబడదు. అడవిలో పిట్ట కూత లేదు. తడిసిన ఆకుల మీద వాళ్ల అడుగులు తప్ప మరో అలికిడి లేదు. ఓక్ చెట్ల వేళ్ల మధ్య బొరియ నోరు తెరుచుకుని ఉంది. దానిలోంచి చల్లటి పులిసిన గాలి ఆగి ఆగి వస్తోంది, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు. నిన్న హుషారుగా దూరిన బీర్బా ఈసారి నాలుగు కాళ్లూ పాతేసి కదలనంది. జాకొమో దాన్ని చంకనెత్తుకున్నాడు.

సునీల ముగ్గురి నడుములకూ తాడు కట్టింది. "నేను ఆగమంటే ఆగాల, ఎనక్కంటే ఎనక్కి. ఎవరూ తాడిప్పొద్దు" అని తెలుగులో మామయ్యకూ, వాళ్ల భాషలో జాకొమోకూ చెప్పింది.

ముందు జాకొమో బ్యాటరీ దీపంతో, మధ్యలో సునీల, వెనక గురువు. మొదట పాకారు, తర్వాత వంగి నడిచారు, కాసేపటికి నిటారుగా నిలబడగలిగారు. అది నక్క బొరియ కాదు. గోడల నిండా ఉలి దెబ్బలున్నాయి. ఏ కాలంలో ఎవరు ఎవరికి భయపడి తొలిచారో, సొరంగం మెలికలు తిరుగుతూ కొండ లోపలికి పోతూనే ఉంది. సునీల మాట్లాడితే మాట పెదవుల దగ్గరే చచ్చిపోతోంది. తన పక్కన ఇంకెవరో ఊపిరి పీలుస్తున్నారని ఆమెకు రెండుసార్లు అనిపించింది. వెనక్కి చూస్తే మామయ్యే.

గురువుగారి చేతిలో వెలిగించిన కొవ్వొత్తి ఉంది. అది ప్రార్థన కోసం తెచ్చుకున్నది. ఇన్నేళ్లుగా ఊరేగింపుల్లో పట్టుకున్న అలవాటుకొద్దీ దాన్ని భుజం పైకి ఎత్తి పట్టుకున్నాడు. జాకొమో అయితే తన మాళిగలోకి కొవ్వొత్తి లేకుండా ఏనాడూ దిగలేదు. ఇది అడవి కదా, మాళిగ కాదు కదా అని ఈరోజు బ్యాటరీ దీపమే తెచ్చాడు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ మరిచారు. ఒకడికి ఇది మాళిగలా కనబడలేదు, ఇంకొకడికి పాతరలా కనబడలేదు. తెలివి ఇంట్లో దండెం మీద ఆరేసి వచ్చినట్టయింది.

సొరంగం చివర రాతి మెట్లు కిందికి దిగాయి. మెట్ల పైన గోడలో మోకాలి ఎత్తున చిన్న గూడు, గూటి దుమ్ములో గుండ్రటి మచ్చ. గంట అంచు సరిగ్గా అంతే ఉంటుంది. తిరిగి వెళ్తూ అందుకుని బొరియ నోటి దగ్గర మోగించడానికి అతను అక్కడ పెట్టుకున్నాడు.

జాకొమో దీపం కిందికి తిప్పాడు. చిన్న గది. మధ్యలో ద్రాక్షలు మోసే వెదురుబుట్ట, దానిలో కొవ్వొత్తి స్తంభాలు, పూజాపాత్రలు, పండుగనాడు దివ్యసత్ప్రసాదం ఉంచి ఊరేగించే సూర్యుడి ఆకారపు పీఠం. ఇన్నేళ్ల దుమ్ములోంచి కూడా వెండి మెరిసింది. బుట్టకు వీపు ఆనించి ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. మనిషి అనడానికి కోటు, టోపీ, ఎముకలు మిగిలాయి. ఒళ్లో తాపీ ఉంది.

"బత్తిస్తా" అన్నాడు జాకొమో. మా నాన్న కళ్లారా చూశాడన్న మాట అతని నోట్లో ఇక ఎప్పటికీ నిలవదు.

అతని చేతులు సడలాయి. బీర్బా కిందికి దూకి, యజమాని గొంతు విన్నందుకో వెండి మెరుపు చూసినందుకో రెండు మెట్లు దిగింది. మూడో మెట్టు మీద కాళ్లు మడిచి పక్కకు ఒరిగిపోయింది. మూలగలేదు కూడా.

"బీర్బా" అంటూ జాకొమో దాని వెంట దిగి వంగాడు. వంగినవాడు లేవలేదు. మోకాళ్ల మీద కూలబడ్డాడు.

సునీల అడుగు ముందుకు వేయబోతే గురువు ఆమె జడ పట్టి వెనక్కి గుంజాడు. గోలీసోడా తాగినప్పటి చురుకు ముక్కులో తగిలింది. ఒక్క క్షణంలో ఆయనకు పల్నాడు, ఎర్రటి ఎండ, మూత తీసిన పాతర, తాడుకు కట్టి దించే దీపం అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి. కొవ్వొత్తిని భుజం మీద నుంచి మెట్ల వైపు చాచి మోకాలి కిందికి దించాడు. మంట కుంచించుకుపోయింది. ఇంకాస్త దించాడు. ఆరిపోయింది.

"పాతరే ఇది" అన్నాడు. "కదలమాక. నేను దిగతా. తాడు బిగించు."

"మామయ్యా, వద్దు."

"తల పైకెత్తి దిగితే ఏం కాదు. నేను చెయ్యెత్తితే లాగు."

ఛాతీ నిండా గాలి పీల్చి, నోరు మూసి దిగాడు. ఒక చేత్తో జాకొమో కాలరు పట్టాడు, రెండో చేత్తో కుక్కను మెడ దగ్గర అందుకున్నాడు. చెయ్యెత్తడానికి చెయ్యి మిగల్లేదు. సునీల ఆ సంగతి చూసి తనే లాగింది. గోడకు కాలు తన్నిపెట్టి, పళ్లు బిగించి లాగింది. ముగ్గురూ మెట్లకు ఎగువన సొరంగంలో కుప్పగా పడ్డారు. జాకొమో ఎగశ్వాస తీసి కళ్లు తెరిచాడు. కుక్క కడుపు కాసేపటికి చిన్నగా కదిలింది.

జాకొమో ముక్కు ఎగబీల్చాడు. అతని ముఖం తెల్లబోయింది. "ఇది నా ద్రాక్షరసం వాసన. నా మాళిగ కిందే ఉన్నాం. సొరంగం ఊరి కిందికే తిరిగి వచ్చింది. పైన నా పీపాలు పొంగుతున్నాయి. ఆనాడూ ఇవే రోజులు, మా నాన్న పీపాలు."

అప్పుడే పైకప్పులోంచి మట్టి రాలింది. సునీల గోడ మీద అరచెయ్యి ఆనించింది. రాయి తడిగా ఉంది. "వాన ముందే వచ్చింది. బయట మట్టి జారతా ఉంది. పదండి, ఇప్పుడే."

గురువు కదల్లేదు. కింద జాకొమో జారవిడిచిన దీపం ఇంకా వెలుగుతూ పడి ఉంది. ఆ వెలుగులో వెండి, టోపీ కింద తెల్లటి నుదురు కనబడుతున్నాయి.

"బుట్ట, దోన్ ఇన్నా. చెయ్యి చాస్తే అందుతుంది. అది తీసుకెళ్తేనే ఊరు నమ్ముతుంది" అన్నాడు జాకొమో.

ఒక్క ఊపిరికి ఒక్క పనే అవుతుంది. ఇన్నయ్య మళ్లీ గాలి పీల్చి దిగాడు. బుట్ట పక్కనుంచి వెళ్లాడు. టోపీ కాస్త పైకి జరిపి, ఆ నుదుటి మీద బొటనవేలితో సిలువ గుర్తు వేశాడు. పెదవులు విప్పకుండా మనసులోనే ప్రార్థన చెప్పాడు. వెనక్కి తిరిగేసరికి చెవుల్లో హోరు, కళ్ల ముందు చీకట్లు. ఆఖరి మెట్టు ఆయన ఎక్కలేదు, సునీల ఎక్కించింది.

తర్వాత చీకట్లో గోడ తడుముకుంటూ పరుగు. వంగి, పాకి, మళ్లీ వంగి. నీళ్లు సొరంగంలోకి కాలవ కట్టాయి. ఒకచోట జాకొమో సాయం కోసం అరిచాడు. ఆ అరుపు అతనికే సరిగ్గా వినబడలేదు. బత్తిస్తా కూడా అరిచి ఉంటాడని ముగ్గురికీ ఒకేసారి తోచింది, ఎవరూ అనలేదు. బొరియ నోటి దగ్గర మట్టి సగం పూడుకుపోయింది. సునీల గోళ్లు ఊడిపోయేలా తవ్వింది. ముందు కుక్కను తోసింది, తర్వాత జాకొమోను, తర్వాత మామయ్యను. ఆమె కాళ్లు ఇంకా లోపల ఉండగానే వెనక పెద్ద చప్పుడుతో మట్టి కూలింది. ఇద్దరు ముసలివాళ్లూ ఆమెను చేతులు పట్టి ఈడ్చారు. ఓక్ చెట్టు ఒకటి నిలువునా కుంగి, బొరియ ఉన్నచోట కూర్చుంది.

వానలో తడుస్తూ జాకొమో కోపంగా అడిగాడు. "ఏం చేశారు మీరు? ఇప్పుడు మీ మాట ఎవరు నమ్ముతారు?"

"ఎవరూ నమ్మరు" అన్నాడు గురువు. "నేను పరదేశిని, ఈ పిల్లా పరదేశి. ముసలమ్మ మీద జాలితో కట్టుకథ చెప్పామంటారు. చెప్పాల్సింది నువ్వు. నువ్వు చెబితే మీ నాన్నది అబద్ధపు ఒట్టని నీ నోటితో నువ్వే చెప్పినట్టు. అందుకే నీ మాట నమ్ముతారు."

జాకొమో కుక్కను కోటులో చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజంతా అతని తలుపు తెరుచుకోలేదు.

సమాధుల పండుగనాడు తెరెజీనాను కుర్చీతో సహా మోసుకొచ్చి గుడి వెనక వరుసలో కూర్చోబెట్టారు. ఆమెకు ముందే సంగతంతా చెప్పారు. నాన్న దొరికాడన్నందుకు ఆమె ఏడవలేదు. "ఎలా కూర్చున్నాడు?" అని మాత్రం అడిగింది. వెండికి కాపలాగా అని చెబితే తలూపింది.

గురువు పేర్లు చదివాడు. ఒక్కో పేరుకు ఒక్కో ఇంటివాళ్లు లేచి ఉన్నాడు, ఉన్నాడు అని పలికారు. ఆఖరి పేరు అయిపోయింది. గురువు అక్కడే నిలబడ్డాడు. జాకొమో తల వంచుకుని టోపీ నలుపుతున్నాడు. వచ్చిన జనం పూజ ముందుకు సాగదేమని ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

బల్ల కిర్రుమంది. జాకొమో లేచాడు.

"ఇంకొక పేరుంది. బత్తిస్తా. ఈ గుడి వెండిని దాచబోయి నా మాళిగ కింద చనిపోయాడు. నా కళ్లతో చూశాను. ఏటి దగ్గర మా నాన్న ఎవర్ని చూశాడో నాకు తెలియదు. ఇతన్ని కాదు." అతను వెనక వరుస వైపు తిరిగాడు. "మా నాన్న అన్న మాటకు నేను సిగ్గుపడుతున్నాను, తెరెజీనా."

వెనక నుంచి ఎవరో, మరి వెండి సంగతేమిటని గొణిగారు.

"అది అతని కాపలాలో ఉంది, ఉండనివ్వండి. నేను బతికుండగా అతని మీదుగా తవ్వడానికి నా మాళిగలో పలుగు పడదు" అన్నాడు జాకొమో.

గురువు చదివాడు. "బత్తిస్తా."

గుడి అంతా వెనక్కి తిరిగింది. తెరెజీనా రెండు చేతులూ కుర్చీకి ఆనించి లేవబోయింది, లేవలేకపోయింది. కూర్చునే పలికింది. "ఉన్నాడు."

సునీల గంట తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. ముసలిచేతులు మేజోడును మెల్లగా, చిరగకుండా, కొస నుంచి కొస దాకా లాగాయి. దాన్ని మడిచి రవికెలో పెట్టుకుంది. గంటను ఒక్కసారి ఊపింది. సన్నటి మోత గుడి గోడలకు తగిలి, తెరిచిన తలుపులోంచి వీధిలోకి పోయింది.

మోత పూర్తిగా ఆగేదాకా ఆమె విన్నది.

"జాకొమో, నన్ను తీసుకెళ్లు" అంది. "గంట మోగింది. నాన్న ఇంక ఇంటికి వెళ్లమన్నాడు."